స్టార్టప్ కేంద్రాలలో మన పిల్లల కొలువు

డిగ్రీ పూర్తిచేసిన పిల్లల భవిష్యత్తు గురించి మన ఇళ్లలో మాట వచ్చినప్పుడు నేటికీ మూడు దారులే వినిపిస్తాయి: ప్రభుత్వోద్యోగం, సాఫ్ట్‌వేరు, గల్ఫ్ ప్రయాణం. వీటికి వెలుపల మరొక కొలువు కొన్నేళ్లుగా మన నగరంలోనే పెరుగుతున్నది. అది స్టార్టప్ యాక్సిలరేటర్లలో నిర్వహణ విభాగపు ఉద్యోగం. ఆపరేషన్స్ అని వ్యవహరించే ఈ పనిపై మన సమాజం దృష్టి సారించవలసి ఉన్నది.

కొత్త వ్యాపారాలను కొన్నింటిని ఒక జట్టుగా ఎంపిక చేసి, కొద్ది నెలల పాటు శిక్షణ, సలహాలు, పరిచయాలు సమకూర్చి, చివరకు పెట్టుబడిదారుల ముందు నిలబెట్టే సంస్థే యాక్సిలరేటర్. 2005లో అమెరికాలో ఆరంభమైన వై కాంబినేటర్ ఈ పద్ధతికి ఆద్యురాలు. మన హైదరాబాదులో టీ-హబ్ 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022లో రాయదుర్గంలోని విశాల భవనానికి మారింది. మహిళా వ్యాపారుల కోసం వీ-హబ్ 2018లో వెలసింది. ఈ రెండింటి వెనుకా రాష్ట్ర ప్రభుత్వమున్నది.

ఇటువంటి చోట్ల పనిచేయాలంటే కోడింగు వచ్చి తీరాలని, కొత్త కంపెనీ పెట్టిన అనుభవముండాలని మన యువత భావిస్తున్నది. నిర్వహణ విభాగానికి ఆ అవసరం లేదు. దరఖాస్తులు స్వీకరించి సరిచూడటం, ఇంటర్వ్యూలకు పిలవడం, ఒప్పంద పత్రాలు, పాన్, కంపెనీ నమోదు కాగితాలు సేకరించి భద్రపరచడం, సలహాదారుల వేళలు కుదర్చడం, విడతలవారీగా విడుదలయ్యే సొమ్ముకు లెక్కలు రాయడం ఇందులోని పనులు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకంలో డబ్బు ఇంక్యుబేటర్ల ద్వారానే చేరుతుంది కనుక ఖర్చుకు పక్కా లెక్క తప్పనిసరి. బి.కాం. చదివి, స్ప్రెడ్‌షీటు వాడకం నేర్చి, తెలుగు, ఉర్దూ, ఆంగ్లాలలో మాట్లాడగల మన అమ్మాయిలకు, అబ్బాయిలకు ఇది అసాధ్యమైన పని కాదు. పరుల సొమ్మును, వ్యాపార రహస్యాన్ని అమానతుగా కాపాడే గుణం ఈ పనికి ప్రాణం.

ఒక్క జీతం కోసమే ఈ మాట చెప్పడం లేదు. ప్రభుత్వ కార్యాలయాలలో దశాబ్దాలు గడిపిన మాకు అనుభవమైన సత్యమొకటున్నది: దరఖాస్తు భవితవ్యం అధికారి సంతకానికి ముందే, గుమాస్తా బల్లమీద సగం తేలిపోతుంది. ఒక కాగితం తక్కువైతే పక్కన పడేసే చేయి ఒకటి, ఫోను చేసి తెప్పించుకొనే చేయి మరొకటి. పాతబస్తీ జరీ పనివాడి కూతురు తన ఆలోచనతో గుమ్మం తొక్కినప్పుడు, ఆమె మాట అర్థం చేసుకొనేవారు ఆ బల్ల వెనుక ఉండాలి. జుమా నమాజు వేళ తెలిసినవారు సమావేశాల పట్టిక వేయడంలో పాలుపంచుకోవాలి. స్వయం ఉపాధిపై ఆధారపడినవారు ముస్లిములలో అధికమని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. చేతిలో వ్యాపారమున్న సమాజం, వ్యాపారాలను పెంచే కేంద్రాలకు దూరంగా ఉండటం న్యాయమా?

2007 చట్టం కల్పించిన బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ విద్యకు, ప్రభుత్వ కొలువులకు పరిమితం. ప్రైవేటు యాక్సిలరేటర్లకు వర్తించదు. అక్కడ పరిచయాల ద్వారానే ఉద్యోగాలు నిండితే, పరిచయాలు లేనివారికి ఖాళీ ఉన్నదన్న సంగతే తెలియదు. అందుకే సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్‌ను సిఫార్సు చేసింది. ప్రజాధనం అందుకొనే ప్రతి కేంద్రమూ ఖాళీలను తెలుగు, ఉర్దూ పత్రికలలో ప్రకటించాలని, తన సిబ్బందిలో, ఎంపికైన వ్యాపారాలలో అల్పసంఖ్యాకులెందరో ఏటా వెల్లడించాలని మేము కోరుతున్నాము.

ప్రభుత్వాన్ని అడిగే హక్కుతో పాటు మన బాధ్యతా ఉన్నది. మస్జిద్ కమిటీలు, విద్యాసంస్థలు చివరి సంవత్సరపు విద్యార్థులను ఈ కేంద్రాలకు తీసుకువెళ్లి చూపించాలి. ఖాతాల నిర్వహణ, ఉత్తరప్రత్యుత్తరాలలో స్వల్పకాలిక శిక్షణ ఇప్పించాలి. ఆడపిల్లను అంత దూరం పంపడమెలాగని జంకే తల్లిదండ్రులు, ముందు ఆమెతో వెళ్లి ఆ చోటు చూసి రావాలి. ఇప్పటికే అక్కడ కుదురుకున్న మనవారు, ఖాళీ సంగతి తెలిసిన రోజునే పది ఇళ్లకు చేరవేయాలి. దరఖాస్తు పెట్టనిదే హక్కును అడగడానికి ఆధారముండదు.