మొదటి చిప్పు సరే, రెండోది ఏదీ?

దేవరకొండ నుంచి పట్నం పోయే బస్సు మాల్, ఇబ్రహీంపట్నం దాటి సైదాబాద్ మీదుగా ఎంజీబీఎస్ చేరుతుంది. మా వైపు వాళ్ళం ఆ దారిన ఎన్ని వందలసార్లు పోయి ఉంటామో! ఆ దారికి కాస్త పక్కనే కంచన్‌బాగ్. అక్కడి డీఆర్‌డీవో ల్యాబులు అనగానే మనకి గుర్తొచ్చేవి క్షిపణులే. కానీ 1988లో మొదలైన 'అనురాగ్' అనే ల్యాబులో ప్రాసెసర్లు కూడా డిజైన్ చేశారని మనలో ఎంతమందికి తెలుసు? (సినిమా పేరు కాదండోయ్ :) 'అడ్వాన్స్‌డ్ న్యూమరికల్ రీసెర్చ్ అండ్ ఎనాలిసిస్ గ్రూప్'కి పొట్టిపేరు.)

విమానం చుట్టూ గాలి ఎలా పోతుందో లెక్కకట్టడానికి వాళ్ళు 'పేస్' అనే పారలల్ కంప్యూటర్ తయారుచేశారు. 'అనుపమ' అని 32 బిట్ల రిస్క్ ప్రాసెసర్, 'అబాకస్' అని ఇంకో 32 బిట్ల ప్రాసెసర్ డిజైన్ చేశారు. మరి మనం కాలేజీ ల్యాబులో ఏం చేశాం? 8086 కిట్ ముందు కూర్చుని హెక్స్ కోడ్ కొట్టాం. పక్కనే పుట్టిన అనుపమ మీద ఒక్క ప్రోగ్రామైనా రాసినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇది తెలివితేటల్లో తేడా అని నేననుకోను. ఆ మాటకొస్తే 8086 కూడా ఏమంత గొప్ప డిజైన్ కాదు. 432 అనే పెద్ద ప్రాజెక్టు ఆలస్యమవుతోంది కదా, ఈలోపు ఏదో ఒకటి ఉండాలని 1978లో ఇంటెల్ వదిలిన చిప్పు అది. ఆ 432 తీరా 1981లో వచ్చి చతికిలబడింది. 8086 మాత్రం నిలబడింది. ఎందుకంటే పాత 8080 అసెంబ్లీ ప్రోగ్రాముల్ని దీనికి మార్చుకోవడం తేలిక. దీని తమ్ముడు 8088ని 1981లో ఐబీఎం తన పీసీలో పెట్టింది. 1982లో 286, 1985లో 386 వచ్చినా పాత ప్రోగ్రాములు నడుస్తూనే ఉన్నాయి. తరం అంటే అదీ!

బెంగళూరు సంగతి చూడండి. అక్కడి ఇంటెల్ సెంటర్లో మొదలైన 'వైట్‌ఫీల్డ్' ప్రాసెసర్ 2005లో రద్దయింది. చిప్పు పోయింది కానీ డిజైన్ పని ఆగలేదు. 2008లో అదే సెంటర్ నుంచి ఆరు కోర్ల 'డనింగ్టన్' జియాన్ వచ్చింది. 190 కోట్ల ట్రాన్సిస్టర్లు! పడ్డవాడికి ఇంకో అవకాశం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"అది అమెరికా కంపెనీ, వాళ్ళ డబ్బు వేరు" అంటారా? అయితే ఇస్రో సంగతి చూద్దాం. వాళ్ళ రాకెట్లలో 16 బిట్ల విక్రమ్ 1601 ప్రాసెసర్ 2009 నుంచి పనిచేస్తోంది. దాని తర్వాతి తరం, 32 బిట్ల విక్రమ్ 3201, 2025లో బయటికొచ్చింది. అడా కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రోవాళ్ళే రాసుకున్నారు. వాడుకోవడానికి రాకెట్ ముందే సిద్ధంగా ఉంది కాబట్టి రెండో తరం పుట్టింది.

అందుకే 'స్వదేశీ ప్రాసెసర్' అని పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ గిగాహెర్ట్‌జ్, నానోమీటర్ల లెక్కలు చూసి చప్పట్లు కొట్టడం నేను మానేశాను. మూడే ప్రశ్నలు వేసుకుంటున్నాను. దీనికి ప్రోగ్రాములు ఎవరు రాస్తారు? ఎవరు కొని వాడతారు? రెండో చిప్పుకి డబ్బు ఎక్కడుంది?

మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మనమే, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. ఇప్పుడు ఐఐటీ మద్రాసు 'శక్తి', సీ-డాక్ 'వేగా' లాంటివి రిస్క్-ఫైవ్ మీద కట్టినవి. జీసీసీ, లైనక్స్ దానికి ఎప్పుడో వచ్చేశాయి.  కాలేజీ ల్యాబుల్లో 8086 కిట్ పక్కన అలాంటి బోర్డు ఒక్కటి పెడితే, పిల్లలు దానిమీద ప్రోగ్రాములు రాస్తే, తర్వాతి తరం అడిగేవాళ్ళు వాళ్ళే అవుతారు.

లేకపోతే ఇంకో ముప్పై ఏళ్ళకి మన పిల్లలు కూడా ఇలాగే బస్సులో పోతూ "ఓహో, ఇక్కడ కూడా చేశారా?" అనుకుంటారు. అంతే.