నల్గొండ: నీళ్లు మారినా నొప్పి పోలేదు.. రోజూ నొప్పి గోలీ మింగితే కిడ్నీలకు గండమే!

పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేస్తాయి. నడుము వంగదు. అయినా పనికి పోక తప్పదు. దగ్గర్లోని మెడికల్ షాపులో ఓ నొప్పి గోలీ కొని మింగితే ఆ రోజు గడిచిపోతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పెద్ద వయసువాళ్లకు ఇదేం కొత్త కాదు.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ప్రాంతంలో చాలా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. మిషన్ భగీరథతో నల్లా నీళ్లు వచ్చాయి. కానీ దశాబ్దాలుగా ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ అంత తేలిగ్గా పోదు. అందుకే నీళ్లు మారినా నొప్పులు మిగిలాయి. గోలీలూ మిగిలాయి.

అసలు సమస్య ఎక్కడ?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు నొప్పిని పెంచే రసాయనాలను ఆపేస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడేది, కిడ్నీలకు రక్తం సాఫీగా అందేలా చూసేది కూడా అవే రసాయనాలు. అందుకే ఈ గోలీలు రోజుల తరబడి వాడితే అల్సర్, కడుపులో రక్తస్రావం, బీపీ పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం లాంటి ముప్పులుంటాయి.

ఫ్లోరైడ్ బాధితులకు ఇంకో చిక్కు ఉంది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. అవే దెబ్బతింటే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఒంట్లోనే నిలిచిపోతుంది. అంటే నొప్పి కోసం వేసుకున్న గోలీయే చివరికి నొప్పిని పెంచే దారి తెరవొచ్చన్నమాట.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

* బీపీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, 60 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.
* మండే ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా ఈ గోలీలు వేసుకుంటే కిడ్నీలపై భారం పెరుగుతుంది.
* డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. రక్తస్రావం ముప్పు ఉంటుంది.

పారాసెటమాల్ అయితే ఫర్వాలేదా?

మోతాదు దాటనంత వరకే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములే గరిష్ఠ పరిమితి. మందు తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఇంకా తక్కువ. చాలా నొప్పి గోలీల్లో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది. దానికి తోడు జ్వరం గోలీ వేసుకుంటే తెలియకుండానే డోసు పెరుగుతుంది. కొనేముందు స్ట్రిప్ మీద మందు పేరు చూడాలి.

ఏం చేయాలి?

డైక్లోఫెనాక్ షెడ్యూల్-హెచ్ మందు. రూల్ ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు. ఏళ్లుగా నొప్పి గోలీలు వాడుతున్నవాళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో బీపీ, క్రియాటినిన్ టెస్టు చేయించుకోవడం మంచిది. మలం నల్లగా రావడం, కాళ్ల వాపు, మూత్రం తగ్గడం కనిపిస్తే గోలీ ఆపి వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. మందు వికటిస్తే టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పొచ్చు.

నల్లా నీళ్లు రావడంతోనే ఫ్లోరైడ్ కథ ముగిసిపోలేదు. పాత బాధితుల నొప్పికి పల్లెల్లోనే సరైన వైద్యం, ఫిజియోథెరపీ అందాలి. లేదంటే వాళ్లకు దిక్కు ఆ గోలీయే అవుతుంది.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా వైద్యుల సలహా తప్పనిసరి.)