హైబ్రిడ్ కారు - మా యభిప్రాయము

పెట్రోలుయంత్రమును విద్యున్మోటారును ఒక్క బండియందే కూర్చినదానిని హైబ్రిడ్ కారందురు. జపానుదేశపు టొయోటావారు 1997వ సంవత్సరమున ప్రియస్ అను నిట్టి కారును విక్రయింప నారంభించిరి. 2003లో వచ్చిన రెండవ ప్రియస్‌నకు వెనుకవైపున పైకెత్తు తలుపు నమర్చి, కుటుంబమునకును సామానునకును అనువుగ జేసిరి. గాలి యడ్డగింత తగ్గునట్లు పైకప్పును వెనుకకు వాలుగ తీర్చిరి.

మామూలు కారునకు బ్రేకు వేసినప్పుడెల్ల దాని గమనశక్తి వేడిమిగా మారి వ్యర్థమగును. ఇందు మోటారే విద్యుదుత్పాదకమై యా శక్తిలో గొంత బ్యాటరీకి జేర్చును. కూడలియందు నిలిచినప్పుడు పెట్రోలుయంత్రము తనంతట నాగును. కావున మాటిమాటికి నిలువవలసిన పట్టణపు వీథులలోనే దీని పొదుపు మిక్కుటము.

ఇది పెట్రోలును విడువలేదు గావున అర్ధసంస్కరణమేయని కొంద రాక్షేపింతురు. ఆ మాట నిజమే. అయినను, విద్యుత్తు నింపుకొను వసతి లేని యింటివారు రేపటి పూర్ణసంస్కరణమునకై కాచుకొని, నేడు చేతనైన పొదుపును త్రోసివేయుట వివేకము కాదని మా యభిప్రాయము. అయితే ఖర్చు తగ్గినదిగదా యని రెట్టింపు దూరము తిరిగినచో మిగులునదేమి?

బాలబాలికలారా! పారవేయబోవుదానిని మరల పనికి దెచ్చుటయే యీ యంత్రములోని బుద్ధి. ఆ బుద్ధి నడుపువానికిని గలిగిననాడే దాని ఫలము దక్కును. నడచి పోదగిన చోటికి నడచియే పొండు.