చప్పట్లు ఏ ఘట్టానికి?

ఒక జాతి ఏ కథలు చెప్పుకొంటున్నదో తెలిసినంత మాత్రాన ఆ జాతి మనస్సు మనకు పూర్తిగా తెలియదు. ఆ కథలో ఏ ఘట్టం దగ్గర శ్రోతలు ముందుకు వంగి కూర్చున్నారు, ఏ ఘట్టాన్ని మళ్ళీ మళ్ళీ కోరుకొన్నారు అన్నది తెలిసినప్పుడే వారి హృదయం బయటపడుతుంది. ఈ కోరికకు మన కృష్ణాతీరంలో ఒక పేరున్నది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకాలు ఆడేనాట రాయబారపు పద్యం ముగియగానే జనం నుండి “వన్స్‌మోర్” అన్న కేక లేచేది. నటుడు కథను ఆపి అదే పద్యాన్ని మళ్ళీ ఎత్తుకొనేవాడు. ముషాయిరాలో మంచి షేర్ వినిపించగానే రసికులు “ముకర్రర్” అంటారు. మళ్ళీ వినిపించమని దాని భావం. రెండు భాషల విద్యార్థులు ఒకే అరుగుమీద కూర్చునే మన కళాశాలలో ఈ రెండు కేకలూ పరిచితములే.

నాటకాల స్థానంలోకి సినిమా వచ్చినది. 1921లో పోతిన శ్రీనివాసరావు విజయవాడలో కట్టించిన మారుతీ సినిమా ఆంధ్రప్రాంతంలో తొలి శాశ్వత చిత్రప్రదర్శనశాలగా పేరు పొందినది. అప్పటినుండి ఈ నగరానికి సినిమా ఒక నిత్యకృత్యము. తెరమీది నటుని చేత మళ్ళీ చెప్పించే వీలు లేదు గనుక మన “వన్స్‌మోర్” ఈలగా మారినది, మరునాటి ఆటకు మళ్ళీ కొన్న టిక్కెట్టుగా మారినది, సెల్‌ఫోనులో దాచుకొన్న రెండు నిమిషాల దృశ్యఖండంగా మారినది. భవానీపురం ఘాట్ల మెట్లమీద సాయంకాలం చేరే యువకుల మాటలు ఏ చిత్రంతో మొదలైనా, కొంతసేపటికి “అందులో నీకు ఏ సీను నచ్చినది?” అన్న ప్రశ్న దగ్గరకే వస్తాయి. ఆ ప్రశ్న చిన్నది కాదని మా అభిప్రాయము. అందుకు ఉదాహరణగా మనవారందరూ చూసిన ఒక సాహసచిత్రపు రెండవ భాగాన్ని తీసికొంటున్నాము. అది “బాహుబలి 2”.

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో మొదటి భాగం 2015 జులై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలైనవి. మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసినది. ప్రాణసమానుడైన బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు? రెండేళ్ళపాటు దేశమంతా ఈ ప్రశ్నను మోసినది. కథను కొసకు తెచ్చి ఆపడం మనకు కొత్త విద్య ఏమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మజిలీ మజిలీకి ఆసక్తి పెరుగుతుంది. ఉర్దూ దాస్తాన్లలో ఒక తిలిస్మ్ వీడేసరికి మరొకటి చుట్టుకొంటుంది. కథ విన్నవాడు రేపు మళ్ళీ రావాలి. వచ్చినవాడు నిరాశపడకూడదు. ఉత్తరభాగానికి ఉన్న కష్టమంతా ఇక్కడనే ఉన్నది. ఆ కష్టాన్ని ఈ చిత్రం దాటినది. వెయ్యి కోట్ల రూపాయల వసూళ్ళు దాటిన తొలి భారతీయ చిత్రమైనది. జపానులో ప్రేక్షకులు వేషాలు వేసికొని వచ్చి, కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు జరిగినవి. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కుదించి ఒకే చిత్రంగా మళ్ళీ విడుదల చేసినారు.

ఇక అభిమానుల మనస్సులో నిలిచిన ఘట్టాలను చూద్దాము. మదించిన ఏనుగు జనంమీదికి వస్తుండగా బాహుబలి దానిని నిలువరించి, శాంతింపజేసి, దాని తొండమే మెట్టుగా పైకెక్కే ఘట్టం మొదటిది. కుంతల రాజ్యంమీద రాత్రివేళ దాడి జరిగినప్పుడు ఒకే వింటిలో మూడు బాణాలు సంధించే మెలకువను దేవసేనకు నేర్పే ఘట్టం రెండవది. ఇందులో నాయకుడు నాయికను కాపాడి ఊరుకొనలేదు, ఆమెకు విద్య నేర్పి ప్రక్కన నిలబెట్టుకొన్నాడు. విద్యార్థినులు ఈ ఘట్టాన్ని తరచు పేర్కొనడంలో ఆశ్చర్యం లేదు. నావ ఎక్కడానికి దేవసేనకు తన భుజాలనే వంతెనగా ఇచ్చే ఘట్టం మూడవది. తాటిజాతి చెట్లను వంచి, వాటి ఊపుతో సైనికులు గోడలు దాటి కోటలోకి దూకే ఘట్టం నాల్గవది. కాలువగట్ల తాళ్ళను చూస్తూ పెరిగిన డెల్టావాసులకు ఇది కొంత నవ్వు తెప్పించినమాట నిజము. మన తాడిచెట్టు గాలివానకైనా అంతగా వంగదు. అయినా మాయబజారును, పాతాళభైరవిని ప్రేమించిన ప్రేక్షకులు ఇటువంటి లెక్కలు అడగరు. అడగవలసిన పని కూడ లేదు.

పట్టాభిషేక ఘట్టం వీటన్నిటికంటె ఒక మెట్టు పైది. కిరీటం భల్లాలదేవుని తలమీద ఉన్నది. బాహుబలి సర్వసైన్యాధ్యక్షుడుగా ప్రమాణం చేస్తాడు. అతని పేరు వినబడగానే ప్రజల ఘోష ప్రాంగణాన్ని కదిలించివేస్తుంది. సింహాసనంమీద ఉన్నవాడు ఒకడు, రాజు మరొకడు. అధికారం ఇచ్చేది పదవి, గౌరవం ఇచ్చేది ప్రజలు అన్న సంగతిని ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పిన ఘట్టమిది. దీనికి చప్పట్లు కొట్టిన యువతను మేము మనసారా అభినందిస్తున్నాము.

కాని వీటికంటె ఎక్కువగా ఈలలు మ్రోగిన ఘట్టం మరొకటున్నది. దానిని గురించి మాత్రం మేము కొంచెం ఆగి మాట్లాడదలచినాము. అది రాజసభ ఘట్టము. సేనాధిపతి సేతుపతి ఆలయం దగ్గర వరుసలో ఉన్న స్త్రీల శరీరాలను తాకి అవమానిస్తాడు. దేవసేన అతని వేళ్ళు నరుకుతుంది. ఆమెను సంకెళ్ళతో సభలో నిలబెడతారు. బాహుబలి వస్తాడు, ఏమి జరిగినదని ఆమెను అడుగుతాడు. ఆమె చెబుతుంది. నరకవలసినది వేళ్ళను కాదని చెప్పి అతడు సేతుపతి తల తెగవేస్తాడు. ప్రేక్షకశాలలు దద్దరిల్లిపోయినవి.

ఈ ఘట్టంలో రెండు పనులున్నవి. మొదటిది అడగడము, రెండవది నరకడము. సంకెళ్ళలో ఉన్న స్త్రీని “ఏమి జరిగినది?” అని అడిగి, ఆమె మాటను చివరిదాకా వినడం ఆ సభలో అన్నిటికంటె సాహసమైన పని. నిజానికి వీరత్వం అక్కడనే ఉన్నది. ఈలలు మాత్రం కత్తికి పడినవి.

దీనికి సమాధానంగా కొందరు ఇట్లా అనవచ్చును: “స్త్రీలను అవమానించినవానిమీద కోపం రాకపోతే మనుష్యులమెట్లా అవుతాము? న్యాయస్థానాల చుట్టూ ఏళ్ళతరబడి తిరిగి విసిగిన జనానికి ఆ కత్తి ఒక ఊరట కాదా?” ఈ మాటలో సత్యమున్నది. బస్సులో, బజారులో అవమానం దిగమింగుకొని ఇంటికి చేరే మన సోదరీమణులకు ఆ ఘట్టం ఇచ్చే ధైర్యాన్ని మేము తక్కువ చేయము. న్యాయం ఆలస్యమవడం కూడ ఒక అన్యాయమే. అయితే ఒక్క భేదం గమనించవలసి ఉన్నది. సేతుపతి చేసిన పనిని మనము కళ్ళారా చూసినాము. కెమేరా మనలను సాక్షులను చేసినది. జీవితంలో మనము సాక్షులము కాము. మనకు వచ్చేది ఎవరో చెప్పిన మాట, ఎక్కడినుండో ఫోనులోకి వచ్చిన వార్త. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి వాట్సాప్‌లో వ్యాపించి, మన రెండు రాష్ట్రాలతోపాటు దేశంలో అనేకచోట్ల అమాయకులమీద జనం దాడులు చేసినారు. ఆ గుంపులలో ఉన్న ప్రతివాడూ తానొక బాహుబలినని అనుకొని ఉంటాడు.

మరొక ఉదాహరణ ఇంకా బాధాకరమైనది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువవైద్యురాలిపై జరిగిన ఘోరానికి దేశమంతా కన్నీరు పెట్టినది. నిందితులుగా పట్టుబడిన నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పులలో మరణించినారు. ఆనాడు జనం పోలీసులమీద పూలు చల్లినారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగినవని, పోలీసుల కథనం నమ్మదగినది కాదని అది తేల్చినది. ఆ యువతికి జరిగినదేమిటో, ఎవరు చేసినారో న్యాయస్థానంలో విచారించి నిర్ధారించే అవకాశం ఆ తెల్లవారుజామున పోయినది. ఆ కుటుంబానికి దక్కవలసిన న్యాయం కూడ అందులో ఉన్నది. పూలు చల్లినవారి దుఃఖాన్ని మేము శంకించము. వారి చప్పట్లను మాత్రం ప్రశ్నిస్తున్నాము.

విచిత్రమేమంటే ఈ హెచ్చరికను చేస్తున్నది ఆ చిత్రకథే. శివగామి ధర్మం తెలిసిన రాణి. అయినా కథలోని దుఃఖమంతా ఆమె విననందువలన వచ్చినదే. దేవసేన మనస్సు అడుగకుండానే ఆమెను కోడలిగా తెస్తానని భల్లాలునికి మాట ఇచ్చినది. దేవసేన నిరాకరించగా, కారణం విచారింపక బంధించి తెమ్మన్నది. చివరకు బాహుబలి అన్నపై కుట్ర పన్నినాడని కల్పించి చెప్పిన మాట నమ్మి, పెంచిన కొడుకును పిలిచి ఒక్క ప్రశ్న అడుగకుండా మరణశిక్ష విధించినది. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు చిత్రమిచ్చిన జవాబు ఇదే. రాణి విచారించలేదు, సేవకుడు చివరకు ఆజ్ఞను నెరవేర్చినాడు. దేశం రెండేళ్ళు ఎదురుచూసిన జవాబు విన్నది గాని దాని అర్థాన్ని పట్టించుకొన్నట్టు లేదు. సేతుపతి తల తెగినప్పుడు ఈల వేసి, బాహుబలి వెన్నులో కత్తి దిగినప్పుడు కన్నీరు పెట్టుకొన్నాము. రెండుచోట్లా కత్తి విచారణను ముగించనివ్వలేదు. మొదటిచోట చచ్చినవాడు దోషి, రెండవచోట నిర్దోషి. కత్తికి ఆ తేడా తెలియదు.

కనుక ఈ చిత్రంలో “ముకర్రర్” అనదగిన ఘట్టం ఏదని మమ్ములను అడిగితే, సత్యం తెలిసిన శివగామి పసిబిడ్డను రెండు చేతులతో పైకెత్తి, ఇతడే మీ రాజు అని ప్రజలకు చాటే ఘట్టమని చెబుతాము. అందులో యుద్ధం లేదు, ఏనుగులు లేవు. తాను ఇచ్చిన తీర్పు తప్పని తెలిసిన క్షణాన, తన కొడుకే సింహాసనంమీద ఉండగా, దాచిపెట్టకుండా అందరి ఎదుట దిద్దుకొన్న ఒక పెద్దరికం ఉన్నది. తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారు ఎవరైనా నేర్చుకొనవలసిన సాహసమిది.

మా సూచనలు రెండు మాత్రమే. కళాశాల వార్షికోత్సవాలలో ఏకపాత్రాభినయం పేరిట చిత్రఘట్టాలను ప్రదర్శించడం సర్వత్ర ఆచారమైనది. మన విద్యార్థులు రాజసభ ఘట్టాన్ని ఎన్నుకొంటే ఎన్నుకొననిండు. కాని కత్తివ్రేటుతో మొదలుపెట్టి కత్తివ్రేటుతో ముగించవద్దు. సంకెళ్ళలో నిలిచిన దేవసేన మాటను సంపూర్ణంగా వినిపించండి. ఒకరు దేవసేనగా, ఒకరు సభగా, ఒకరు ఆ తరువాతి శివగామిగా నిలబడండి. ఇక పాలకవర్గం వారికి మా విన్నపము: “నాకు నచ్చిన ఘట్టము, ఎందుకు?” అన్న అంశంమీద ఏడాదికొక సాయంకాలం తెలుగులోను, ఉర్దూలోను చర్చాగోష్ఠి జరిపించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒక గది, కొంత సమయం చాలును. “నచ్చినది” అని చెప్పడం ఎవరికైనా వచ్చును. “ఎందుకు” అన్నదానికి జవాబు చెప్పి, ఎదుటివాని జవాబును కూడ ఓపికగా వినగలవాడే విద్యావంతుడు.

సాహసచిత్రాలు ఇంకా వస్తాయి, వాటికి రెండవ భాగాలూ వస్తాయి. చప్పట్లు కొట్టవద్దని మేమనడం లేదు. వన్స్‌మోర్ కొట్టిన మన తాతలు పద్యాన్ని మళ్ళీ వినడానికే కొట్టినారు. మనము కూడ వినడానికే చేతులు కలుపుదాము.