లీవు లెటర్లో గుణదల

మొన్న హైదరాబాద్ నుంచి నందిగామ వస్తుంటే పక్క సీట్లో కొలీగ్ అన్నాడు, "ఆఫీసులో దేవుడి గోలెందుకు బాస్, మనది సెక్యులర్ దేశం కదా" అని. సెక్యులర్ అంటే నోరు మూసుకోవడమని ఎవరు చెప్పారండీ? రాజ్యాంగం 25వ అధికరణలో, షరతులతోనే అనుకోండి, ప్రచారం చేసుకునే హక్కూ ఉంది.

అయినా నా గొడవ అతనితో కాదు, మా ఆర్‌సీఎం వాళ్లతో. జగ్గయ్యపేట వైపు మా చుట్టాలు "విశ్వాసం గురించి చెప్పడం ఫాదర్ గారి పని" అనేస్తారు. అది గృహస్థుల పని కూడా అని రెండో వాటికన్ మహాసభ 1965లోనే తేల్చేసింది.

ఊళ్లో దళిత క్రైస్తవుడు గుట్టుగా ఉంటే నేను తప్పు పట్టను. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినంటే ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, వీళ్లకి మాత్రం బీసీ-సీ కింద ఒక్క శాతం. నోరు విప్పితే కూడు పోయే బతుకు అది.

మరి మనకేం పోతుంది? సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రిజర్వేషనే లేదాయె! అయినా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి లీవు పెడుతూ "పర్సనల్ వర్క్" అని రాస్తాం. పోయినేడు నేనూ అదే రాశా. ఈసారి గుణదల అనే రాస్తా. అదేంటని మేనేజర్ అడిగితే, కాఫీ తాగుతూ చెప్తా.