చెవిటి పిల్ల ముందు సైరన్

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అనే సామెతను మనందరం ఎప్పుడో ఒకప్పుడు వాడే ఉంటాం. చెప్పింది తలకెక్కించుకోని వాళ్ల మీద విసుగుతో అంటాం. ఆ సామెతలో తప్పంతా వినలేనివాడిదే. వినలేడని తెలిసీ శంఖమే ఊదినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

2025 మే 7న సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్‌లో యుద్ధ సైరన్లు మోగాయి. ఆ తెల్లవారుజామునే ఆపరేషన్ సిందూర్ జరిగింది. సాయంత్రానికి 'ఆపరేషన్ అభ్యాస్' పేరుతో దేశమంతటా పౌరరక్షణ విన్యాసాలు. సైరన్ వినబడగానే ఏం చెయ్యాలో టీవీలు ఊదరగొట్టాయి. వినబడని వాళ్లు ఏం చెయ్యాలో నేను చూసిన ఏ ఛానెలూ చెప్పలేదు.

ఈ ప్రశ్న నాకూ తట్టలేదు, నిజం చెప్పాలంటే. కొన్నాళ్ల తర్వాత తాండూరు వెళ్లే రైల్లో లింగంపల్లి దాటాక ఎదురు సీట్లో కూర్చున్న ఒక తల్లి వల్ల తట్టింది. ఆమె తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో కూలి. పక్కన తొమ్మిదేళ్ల కూతురు. పిల్లకు పుట్టుకతోనే వినబడదు. చెవి మిషను కోసం బోయిన్‌పల్లిలోని అలీ యావర్ జంగ్ సంస్థకు వెళ్లి వస్తున్నారు. మే 7న కూడా వాళ్లు నగరంలోనే ఉన్నారట. సైరన్ మోగగానే రోడ్డు మీద జనమంతా తలలెత్తి చూశారు. పిల్ల మాత్రం తల్లి ముఖం చూసింది.

"ఏమైందని అడిగింది మేడమ్. యుద్ధానికి సైగ నాకేడ తెలుసు? బండలు పేల్చే సైగ చేసిన" అంది ఆమె, పిడికిలి బిగించి ఒక్కసారిగా వేళ్లు విప్పి చూపిస్తూ.

తాండూరు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనులున్నాయి. పేలుడు పిల్ల చెవికి అందదు గానీ పాదాలకు అందుతుంది. అందుకని ఆ పిల్ల వంగి రోడ్డు మీద అరచెయ్యి పెట్టి చూసిందట. నేల అదరలేదు. అబద్ధం చెప్తున్నావని తల్లి చేతి మీద ఒక్కటి వేసిందట. ఇదంతా చెప్తూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వినబడని పిల్లల్లో ఎక్కువమంది వినబడే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో సైగల భాష ఎవరికీ రాదు. అన్నం, నీళ్లు, బడి, జ్వరం, ఒక్కొక్కదానికీ ఒక్కో సైగ కనిపెట్టుకుంటూ ఆ తల్లే ఒక భాష కడుతుంది. ఆ భాష మాట్లాడేవాళ్లు లోకంలో ఇద్దరే. దాన్ని ఏ భాషాశాస్త్ర శాఖా లెక్కపెట్టదు, ఏ ప్రభుత్వమూ దానికి కూలి కట్టదు. పైగా నింద. "మేనరికం జేసుకున్నది ఇద్దరం. చెవిటి పిల్లను కన్నది మాత్రం నేనొక్కదాన్నట" అంది ఆమె. యుద్ధమొస్తే ఈ ఇద్దరి భాషకు ఏమవుతుంది? తల్లి గాయపడితే, తప్పిపోతే, చనిపోతే, పిల్ల అమ్మతో పాటు భాషనూ పోగొట్టుకుంటుంది. యుద్ధ నష్టాల లెక్కల్లో దీనికి గడి ఉండదు.

గాజాలో 1992లో మొదలైన బధిర బాలల సంస్థ పేరు అత్ఫాలునా. అరబీలో 'మన పిల్లలు' అని అర్థం. 2023 అక్టోబరు తర్వాత గాజా జనమంతా చెల్లాచెదురైనట్టే వాళ్లూ చెల్లాచెదురయ్యారు. చెవి మిషనుకు బ్యాటరీ దొరకని చోట ఆ మిషను ఒక ప్లాస్టిక్ ముక్క. ఇంకో సంగతి కూడా ఉంది. యుద్ధం చెవిటి పిల్లల్ని కష్టపెట్టడంతో ఊరుకోదు, కొత్తగా తయారు చేస్తుంది. పేలుడు కర్ణభేరిని చీలుస్తుంది. టీకాలు ఆగితే తట్టు, మెదడువాపు పిల్లల వినికిడి తీసుకుపోతాయి. గాయాలు చీము పట్టకుండా ఇచ్చే జెంటామైసిన్ లాంటి చవక మందులు ప్రాణం నిలబెడుతూనే చెవిని దెబ్బతీయగలవు.

గాజా ఎక్కడ, వికారాబాద్ ఎక్కడ అనకండి. 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. 2,900 ఎకరాల అడవి, సుమారు 3,200 కోట్ల ఖర్చు. తమిళనాడు తిరునెల్వేలిలో 1990 నుంచి పనిచేస్తున్న కేంద్రం తర్వాత దేశంలో ఇది రెండోది. మూసీ పుట్టిన అనంతగిరుల పక్కన ఇంత అడవి ఎందుకు ఇవ్వాలని పర్యావరణవాదులు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అడిగారు, ఇంకా అడుగుతున్నారు. నేను అడిగేది వేరు. దాన్ని మనం రాడార్ అంటున్నాం గానీ అది చేసే పని జలాంతర్గాములకు సందేశాలు పంపడం. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీళ్లలోకి దిగవు. అతి తక్కువ పౌనఃపున్యం తరంగాలు కొంత లోతుదాకా దిగుతాయి. అంటే, మామూలు పిలుపు అందని చోట ఉన్నవాళ్లకు అందేలా పిలిచే పద్ధతి ఈ రాజ్యానికి తెలుసు. అందుకు ఎంత డబ్బయినా పెడుతుంది. నీళ్ల అడుగున ఉన్న నావికుణ్ణి "నీకు వినబడదు, అది నీ ఖర్మ" అనదు. అదే జిల్లాలో బండల మధ్య పెరుగుతున్న పిల్లను మాత్రం అంటుంది, నోటితో కాకపోయినా.

చట్టం లేక కాదు. యుద్ధ పరిస్థితుల్లో వికలాంగుల రక్షణ గురించి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 11వ అధికరణం ఉంది. దాన్ని భారతదేశం 2007లో ఆమోదించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్ ఇంకా స్పష్టం. సాయుధ ఘర్షణల్లో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసుకోవాలి. ప్రమాదం వస్తే వాళ్లకు తెలిసే ఏర్పాటు చేయాలి. ఈ సెక్షన్ గురించి నేను చెప్పినప్పుడు ఆ తల్లి "గట్లుంటదా?" అంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదట. ఊరి కూడలిలో వెలిగి ఆరే ఒక ఎర్రలైటు, ఫోను వణికించే ఒక సందేశం, తల్లులకు సైగల భాష నేర్పే ఒక టీచరు. ఆ 3,200 కోట్లలో ఇవి ఎన్నో వంతు?

మన సంగతీ మాట్లాడుకోవాలి. యుద్ధం మీద మనం చాలా కవితలు రాశాం. 'గొంతు విప్పడం', 'మౌనాన్ని బద్దలు కొట్టడం' మన పోరాటానికి పర్యాయపదాలైపోయాయి. స్త్రీవాద సభల్లో ఈ మాటలు నేనూ వేదికెక్కి వాడాను. గొంతుతో పనిలేకుండా రెండు చేతులతో గలగలా మాట్లాడే పిల్ల మన రూపకాల్లో ఎక్కడుంది? మన సభకు ఏ చెవిటి స్త్రీ అయినా వచ్చిందా, వస్తే అనువదించేవాళ్లు ఉన్నారా? శంఖాలు మనమూ ఊదుతూనే ఉన్నాం.

వికారాబాద్‌లో రైలు చాలాసేపు ఆగింది. చీకటి పడుతోంది. ఎందుకో ఒక్క నిమిషం పెట్టెలో లైట్లు ఆరిపోయాయి. పిల్ల గబుక్కున తల్లి అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. చీకట్లో సైగ కనబడదు. కరెంటు పోతే మనకు వెలుతురు పోతుంది, ఆ పిల్లకు మాట పోతుంది. 2025 మేలో జమ్మూ, పంజాబ్ పట్టణాల్లో రాత్రిళ్లు బ్లాక్‌అవుట్లు పాటించారు. శత్రువు విమానానికి మన ఇల్లు కనబడకుండా లైట్లన్నీ ఆర్పెయ్యాలని నియమం. అక్కడా ఇలాంటి పిల్లలుంటారు.

లైట్లు వచ్చాక ఆమె సంచిలోంచి చిన్న టార్చి తీసి చూపించింది. రాత్రి దిండు కిందే పెట్టుకుంటుందట, పిల్ల లేచి ఏదైనా అడిగితే చేతుల మీద వెలుగు వేసుకుని చెప్పడానికి.

"యుద్ధమొస్తే టార్చిగూడ ఎయ్యొద్దంటరంట గద మేడమ్" అంది. "మరి నేనెట్ల జెప్పాలె దానికి?"