ముగ్గురికీ ఒకటే డైలాగా?

మొన్న రాత్రి ఫోన్‌లో ‘ది సూంగ్ సిస్టర్స్’ చూశా. 1997 నాటి సినిమా. పెద్దక్క ఐలింగ్‌గా మన ఆస్కార్ మిషెల్ యో! మొదట్లోనే తేల్చేస్తారు: ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఒకరికి డబ్బంటే ప్రేమ, ఒకరికి అధికారం, ఒకరికి దేశం. చైనాలో పాత మాటే. వినడానికి భలే ఉంది. నిజమేనా మరి?

1940లో ఆ ముగ్గురూ కలిసి హాంకాంగ్ నుంచి చోంగ్‌చింగ్ వెళ్లారు. జపాన్ బాంబులు పడుతున్న ఊరది. ఆస్పత్రులు, అనాథ పిల్లల ఇళ్లు కలిసే తిరిగారు. ‘డబ్బు’, ‘అధికారం’ అక్కడికి ఎందుకెళ్లినట్టు? అలాగని వాళ్ల మీద విమర్శలన్నీ అబద్ధమనీ కాదు. మనిషి ఒక్క ముక్కలో ఇమడదు, అంతే.

పైగా ఈ సినిమా వచ్చేనాటికి చిన్నామె మేలింగ్ బతికే ఉన్నారు. 2003లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

మేమూ ముగ్గురమే. చుట్టాల లెక్కలో చదువుల పిల్ల, వంటల పిల్ల, గొడవల పిల్ల. మూడోది నేనే. నాన్న ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ రాత్రుళ్లు కూర్చున్నదీ నేనే. పేరు మాత్రం మారలేదు.

సినిమా చూడండి, బాగుంది. ఆ డైలాగ్ మాత్రం చరిత్ర అనుకుని స్టేటస్ పెట్టేయకండి.